పీకించేద్దామా, ఉంచుకుందామా?

'పీకించేస్తే పీడా పోతుంది.' కథలు రాసుకునేదాన్ని కనుక ఆడవాళ్ల మాటలు చెవిన పడేసుకోవడం నాకు అలవాటు. పంటినొప్పి ప్రస్తావన వస్తే చాలు, మిరప కళ్లంలోనైనా, మేడ మీదైనా ఇదే మాట. లవంగం నొక్కిపెట్టి, పొగాకు అదిమిపెట్టి, నొప్పి బిళ్లలతో నెలలు నెట్టుకొస్తాం. దవడ వాచాక వెళ్లి, డాక్టరు చెప్పకముందే 'తీసేయండి' అంటాం.

ఎందుకంటే లెక్క అలాంటిది. రూట్ కెనాల్ అంటే రెండు మూడుసార్లు తిరగాలి, పైన తొడుగు ఖర్చు వేరే. పీకించడం ఒక్కపూట పని. ఇంటాయన పంటికి వెంటనే దొరికే డబ్బు, మన పంటి దగ్గరకొచ్చేసరికి 'కాయలు అమ్మాక చూద్దాం' అవుతుంది. ఆ వాయిదాలోనే నిలబడాల్సిన పన్ను పోతుంది.

తీసేస్తే కథ అయిపోదు. పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికో పైకో జరుగుతుంది. పుచ్చు నరం దాకా వెళ్లినా చాలా పళ్లను నిలబెట్టొచ్చు. వేరు నిలువునా చీలినా, చిగురు లోపలికంటా విరిగినా, ఎముక కరిగి పన్ను బాగా ఊగుతున్నా, జ్ఞానదంతం అడ్డంగా ఇరుక్కుని మాటిమాటికీ వాస్తున్నా తీయించక తప్పదు. అప్పుడు భయపడి ఉంచుకోవడమూ పొరపాటే. పై పన్ను తీస్తే చూపు పోతుందన్నది వట్టి అపోహ. నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, వాపుతో జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మచ్చ పడ్డ కాయను తాలు కింద ఏరేసినట్టు మచ్చ పడ్డ పన్నును ఏరేయకూడదు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు పళ్ల మీద గోధుమరంగు చారలు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఆ తాలూకాలు నెల్లూరువే. ఆ నెల్లూరు జిల్లాలోనే 1937లో ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించారు. మచ్చ వేరు, పుచ్చు వేరు. మచ్చ ఒక్కటే పీకించడానికి కారణం కాదు.

పిల్లల విషయంలో ఇంకో మాట. ఆరో ఏట పాలపళ్ల వెనక వచ్చే దవడపన్ను పాలపన్ను కాదు. 'ఊడిపోయేదేగా' అనుకుంటే జీవితాంతం ఉండాల్సిన పన్ను పోతుంది.

ఈసారి కుర్చీలో కూర్చోగానే 'పీకెయ్యండి' అనకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఈ పన్ను నిలబడుతుందా? నిలబెట్టాలంటే ఎన్నిసార్లు రావాలి, ఎంతవుతుంది? తీసేస్తే ఆ ఖాళీకి ఏం చేయాలి? షుగరున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భిణి అయినా ముందే చెప్పండి. సొంతంగా మందులు ఆపకండి. ఖర్చుకు వెనకాడితే డెంటల్ కాలేజీ ఆసుపత్రుల్లో కనుక్కోండి, మామూలుగా అక్కడ తక్కువలో అవుతుంది.

కాయలు అమ్మేదాకా పుచ్చు ఆగదు. ఇంటి ఖర్చుల చీటీలో మన పన్నుకీ ఒక గీత ఉండాలి. ఏమంటారు?