కళ్ళజోడు పైనుంచి చూసే పెద్దమ్మ



మీ ఇంట్లో మిమ్మల్ని అందరికన్న ఎక్కువగా కోప్పడేది ఎవరు? అమ్మా? నాన్నా? బామ్మా? ఎవరైనా సరే, వారిని ఒకసారి మనసులో తలచుకొని ఈ నెల నేను చెప్పబోయే పెద్దమ్మ సంగతి వినండి.

ఆవిడ పేరు పాలీ. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1876లో ప్రచురించిన ‘టామ్ సాయర్’ నవలలో ఉంటుంది. దానిని నండూరి రామమోహనరావుగారు తెనిగించారు. మీ ఇంట్లో పెద్దలు చదివే ఉంటారు. టామ్‌కు తల్లి లేదు. తల్లి తోబుట్టువైన పాలీయే వాణ్ణి పెంచుతుంది. మన వరసలో పెద్దమ్మ అనుకుందాం.

ఈ పెద్దమ్మకు కళ్ళజోడు ఉంది. దాని పైనుంచి చూస్తుంది, కిందినుంచి చూస్తుంది, అద్దాల్లోనుంచి మాత్రం చూడదు! అది దర్జాకోసం పెట్టుకున్నది. టామ్ బడి ఎగగొట్టి, ఎవరితోనో కలియబడి, బట్టలు పాడుచేసుకొని వచ్చాడా, శనివారం సెలవునాడు 30 గజాల పొడవు, 9 అడుగుల ఎత్తు ఉన్న చెక్కల దడికి సున్నం వేయమంటుంది. దండించకపోతే పిల్లవాడు చెడిపోతాడని ఆమె భయం. దండిస్తే తల్లిలేని బిడ్డ కదా అని బాధ.

ఒకనాడు పంచదార గిన్నె భళ్ళున పగిలింది. పగలగొట్టినవాడు టామ్ సవతి తమ్ముడు సిడ్. పెద్దమ్మ ముందూవెనకా చూడక టామ్‌ను ఒక్కటి వేసింది. వాడు కింద పడ్డాడు. తరవాత నిజం తెలిసింది. మనసు చివుక్కుమంది. కాని “పొరపాటు నాదే నాయనా” అనలేకపోయింది. అంటే చనువిచ్చినట్టు అవుతుందనుకొంది. నేను చూడనప్పుడు ఇంకేదో అల్లరి చేసే ఉంటావులే అని సర్దుకొంది.

ఇది చదివినప్పుడల్లా నాకు సిగ్గు వేస్తుంది. ఎందుకో చివర చెబుతాను.

మరొకసారి టామ్ దిగులుగా ఉంటే, జబ్బు చేసిందని పెద్దమ్మ నొప్పుల మందు ఒకటి తెచ్చింది. గొంతులో నిప్పు పోసినట్టు ఉండే మందు! టామ్ దానిని నేల బీటలో పోస్తూ వచ్చాడు. ఒకరోజు పిల్లికి ఒక చెమ్చాడు పట్టించాడు. ఇంకేముంది! పిల్లి పిల్లిమొగ్గలు వేసి, పూలకుండీలు దొర్లించి, కిటికీలోనుంచి దూకి పారిపోయింది. పెద్దమ్మ చెవి పట్టుకొని నిలదీసింది. “పాపం, దానికి పెద్దమ్మ లేదు కదా! అందుకని నేను పోశాను” అన్నాడు టామ్.

పెద్దమ్మ నిలిచిపోయింది. పిల్లిని బాధపెట్టిన మందు పిల్లవాణ్ణి బాధపెట్టదా? ఆమె కళ్ళు చెమర్చాయి. టామ్ తలమీద చెయ్యి వేసి, నీ మేలు కోరే చేశానంది. ఇక మందు తాగనక్కరలేదంది. అద్దాల్లోనుంచి చూడని పెద్దమ్మ ఆరోజు తన తప్పును చూసింది!

అయితే టామ్ మాత్రం తక్కువవాడా? నేస్తాలతో పారిపోయి నదిలో లంకకు చేరాడు. వాళ్ళు మునిగిపోయారని ఊరంతా నమ్మింది. ఒక రాత్రి టామ్ రహస్యంగా ఇంటికి వచ్చి, మంచం కింద దాగి, పెద్దమ్మ ఏడవడం విన్నాడు. బతికే ఉన్నామని చెట్టుబెరడుమీద రాసికూడా తెచ్చాడు. కాని తమ అంత్యక్రియలకు తామే హాజరుకావాలన్న సరదా పుట్టి, దానిని జేబులోనే ఉంచుకొన్నాడు! తరవాత ఆ సంగతి చెబితే పెద్దమ్మ నమ్మలేకపోయింది. పాత కోటు జేబులో వెదకబోయి, అబద్ధమని తేలితే ఎలాగని రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకొంది. మూడోసారి చెయ్యి పెట్టింది. బెరడు దొరికింది. వాడి తప్పులన్నీ ఆ కన్నీళ్ళలో కొట్టుకుపోయాయి.

ట్వేన్ అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. మిసిసిపీ నది ఒడ్డున హానిబాల్ అనే ఊళ్ళో పెరిగాడు. 1847లో, తన 11వ ఏట, తండ్రిని పోగొట్టుకొన్నాడు. తల్లి జేన్‌ను చూసే పాలీని సృష్టించానని ఆయనే చెప్పాడు.

పిల్లలూ, మీకు అన్యాయం జరిగిందనిపిస్తే మూల కూర్చుని కుమిలిపోకండి. కోపం చల్లారాక నెమ్మదిగా చెప్పండి. వినే పెద్దలే ఎక్కువ. పెద్దలకూ ఒక మనవి: తప్పు ఒప్పుకొంటే మన పెద్దరికం తరిగిపోదు.

ఇక నా సంగతి. ఎన్నో ఏళ్ళ క్రితం హాజరుపట్టీమీద సిరా ఒలికిందని ఒక పిల్లవాణ్ణి బెత్తంతో కొట్టాను. ఒలికించింది వాడు కాదని సాయంత్రానికి తెలిసింది. మరునాడు వాడు నావంక చూశాడు. నేను నల్లబల్లవైపు తిరిగి పాఠం మొదలుపెట్టాను. ఆ పిల్లవాడికి ఇప్పుడు పిల్లలుండాలి. వారి చేతిలోని ఈ పత్రిక అతని కంటబడితే, ఆనాడు చెప్పవలసిన మాట ఈనాడు చెబుతున్నాను:

పొరపాటు నాదే నాయనా.

— మీ మాస్టారు