ఆకాశయానమున మన పెద్దలకు ఏ ఆసనము?

కూర్చుండు చోటు విలువ మన బంగారు గనుల వారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన నాటినుండి మన పిల్లలు వేలకొలదిగా తెల్లవారక మునుపే లేచి బెంగుళూరు రైలెక్కుచున్నారు. మారికుప్పములో ఎక్కినవారు కూర్చుందురు. ఊరుగాములో ఎక్కినవారు సందు వెదకుకొందురు. బంగారుపేటలో ఎక్కినవారు నిలువుకాళ్ల మీద పోవుదురు. రెండు మూడు గంటల ప్రయాణమునకే తుండుగుడ్డ వేసి చోటు పట్టుకొను మనము, పదునెనిమిది, ఇరువది గంటల విమాన ప్రయాణమునకు తల్లిదండ్రులను పంపునపుడు మాత్రము "వాళ్లే ఎక్కడో ఒకచోట కూర్చోబెడతారులే" అని ఊరకుందుము. ఇది నాకు వింతగా తోచుచున్నది. ఈ వారము ఆ విషయమై నాలుగు మాటలు వ్రాయదలచితిని.

నేను పండితుడను కాను, వైద్యుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి రాబర్టుసనుపేటలో అంగడి పెట్టుకొని బ్రతుకుచున్నవాడను. అయినను సంఘము పనిమీద పది ఇండ్లకు పోవుచుందును. ఏ వీధికి పోయినను అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో బిడ్డ యున్న ఇల్లు ఒకటి కనబడును. కూతురికో కోడలికో పురుడు వచ్చిన తల్లి బయలుదేరవలెను. తిరుపతి కొండ తప్ప దూరపు ప్రయాణ మెరుగని ఆ తల్లి, దేవనహళ్లి విమానాశ్రయమున కొడుకు చేయి విడిచి ఒంటరిగా లోనికి పోవును. ఆమె తాతలు ఛాంపియను రీఫు గనిలో భూమిలోనికి దిగినవారు. ఆ గని లోతు సుమారు 3,200 మీటర్లు. ఈమె అంతకు మూడింతల ఎత్తున పయనించును. ఇది సంతోషింపదగిన సంగతియే. కాని ఆమె ఎట్లు కూర్చుండి పోవుచున్నదో విచారించినవారు మనలో ఎందరు?

ఇందు నా తప్పు నేను మొదట ఒప్పుకొనవలెను. మూడేండ్ల క్రిందట మా అక్కగారు అమెరికాలోనున్న కుమార్తె పురిటికి పోయినప్పుడు టిక్కెట్టు తీసినవాడను నేనే. సీటు మనమే ఎంచుకొనవలెనన్న మూడు వేల చిల్లర అదనముగా చెల్లింపవలెనని వచ్చినది. "సీటు లేకుండ ఎక్కించుకొందురా? దండుగ" అని తలచి ఆ రుసుము కట్టలేదు. లక్ష రూపాయల టిక్కెట్టు మీద నూటికి మూడు వంతులు మిగిల్చితినని అంగడివాని సంతోషము నాకు కలిగెను. ఆమెకు నాలుగు సీట్ల వరుసలో నడుమ సీటు వచ్చినది. ఇటొకరు, అటొకరు నిద్రించుచుండిరి. పదునైదు గంటల ప్రయాణములో ఆమె లేచినది ఒక్కసారి. లేవవలసి వచ్చునేమోయని నీళ్లు త్రాగుట మానుకొన్నది. దిగునప్పటికి పాదములు చెప్పులలో పట్టలేదు. పిక్క బిగిసి నొప్పిపెట్టగా మేనకోడలు వైద్యుని వద్దకు తీసికొనిపోయెను. దైవకృప వలన అది వాపుతోనే పోయినది. ఎందుకిట్లు చేసితివని నేను ఫోనులో అడుగగా ఆమె చెప్పినమాట ఇది: "పక్కనామె నిద్రపోతా ఉండె నాయనా. ఏ భాషలో లేపేది?"

ఆ మాట నా మనస్సులో ములుకువలె నాటుకొన్నది. ఇంట తెలుగు, కచ్చేరిలో కన్నడము, సంతలో తమిళము మాట్లాడి నెగ్గుకొని వచ్చిన మనకు భాష ఎన్నడును అడ్డము కాలేదు. అట్టి కుటుంబములో పుట్టిన ఆమెకు ఆకాశమున నోరు కట్టువడినది. నడుమ సీటులో కూర్చున్నవారు లేవవలెనన్న పరుల అనుమతి వేడవలెను, అందుకు మాట కావలెను. నడవ ప్రక్కన కూర్చున్నవారికి ఏ భాషయు అక్కరలేదు. కాళ్లున్న చాలును.

ఇది కేవలము సుఖము మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2007లో ప్రకటించిన పరిశోధనలో, నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండి ప్రయాణము చేయువారికి కాలి లోపలి సిరలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము సుమారు రెండింతలగునని తేల్చిరి. ఆరోగ్యవంతులలో అట్లు జరుగుట సుమారు ఆరువేల మందిలో ఒక్కరికి మాత్రమే గనుక బెదరిపోవలసిన పనిలేదు. కాని వయస్సు మళ్లినవారికి, స్థూలకాయులకు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారికి, మునుపొకసారి గడ్డకట్టినవారికి ఆ ప్రమాదము హెచ్చు. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరిన ప్రాణాపాయము. విమానములోని గాలి ఆరు మొదలు ఎనిమిది వేల అడుగుల ఎత్తున నుండునట్టి పలుచని గాలి. మన నందికొండ శిఖరము సుమారు 4,850 అడుగులే. ఆ గాలిలో తేమయు మిక్కిలి తక్కువ. అందుచేత నీరు త్రాగవలెను. త్రాగినవారు లేవవలెను, లేచినవారు నాలుగడుగులు వేయుదురు. ఇవి ఒకదానికొకటి గొలుసుకట్టు. నడుమ సీటు ఆ గొలుసును మొదటనే తెంచివేయును.

ఇక సీట్ల అమరిక చూతము. బోయింగు 777 విమానములలో పెక్కింట ఎకానమీ తరగతి వరుసకు పది సీట్లు, మూడు-నాలుగు-మూడుగా నుండును. బోయింగు 787లోను, ఎయిర్‌బసు 350లోను తొమ్మిది, మూడు-మూడు-మూడుగా నుండును. ఎయిర్‌బసు 330లో ఎనిమిదే, రెండు-నాలుగు-రెండుగా నుండును. పది సీట్ల 777లోను, 787లోను సీటు వెడల్పు సుమారు పదునేడు అంగుళములు. 350లోను, 380లోను సుమారు పదునెనిమిది. ఒక అంగుళమేగదా యనవచ్చును. పదునైదు గంటలు ప్రక్కవాని మోచేయి తగులుచుండిన అంగుళము విలువ తెలియును. 2022 సెప్టెంబరులో సిడ్నీ నుండి బెంగుళూరునకు క్వాంటాసు వారు నేరుగా విమానము ప్రారంభించినపుడు 330నే నడిపిరి. 2022 అక్టోబరులో ఎమిరేట్సు వారు 380ని బెంగుళూరునకు తెచ్చిరి. కావున టిక్కెట్టు తీయునపుడు వెలయొక్కటే కాక విమానము పేరును చూడవలెను. టిక్కెట్టు వివరములలో అది వ్రాసియే యుండును.

నడవ ప్రక్క సీట్లలోను తారతమ్యము కలదు. పది సీట్ల వరుసలో సాధారణముగా సి, డి, జి, హెచ్ అనునవి నడవ ప్రక్కవి. సి లో కూర్చున్నవారిని ఎ, బి లలోని ఇద్దరును దాటిపోవలెను. డి లో కూర్చున్నవారిని దాటవలసినవారు ఇ లోని ఒక్కరే. తరువాతి ఎఫ్ వారు అవతలి దిక్కున పోవుదురు. అనగా నడుమ వరుస అంచున కూర్చున్నవారి నిద్రకు భంగము సగము తగ్గును. దంపతులు కలిసి పోవునపుడు 330 అయినచో ప్రక్కనున్న రెండు సీట్లే శ్రేష్ఠము. తక్కిన విమానములలో నడవకు అటొకరు, ఇటొకరు కూర్చుండిన ఇద్దరికిని దారి యుండును, ఒకరి మాట మరొకరికి వినబడును.

ముందు వెనుకల సంగతి. కోలారు బస్సులో వెనుక చక్రములు దాటిన చివరి సీటున కూర్చున్నవారికి కుదుపు ఎక్కువని మనకు తెలిసినదే. విమానమునకు రెక్కల చోటు భారకేంద్రమునకు సమీపము గనుక అక్కడ ఊగుట తక్కువ, తోక దిక్కున ఎక్కువ. రెక్కలకు ముందున్నవారికి యంత్రముల ఘోష తక్కువ. చివరి వరుస సీట్లు పెక్కు విమానములలో వెనుకకు పూర్తిగా వాలవు. మరుగుదొడ్డి ఎదుట సీటైనచో జనము వచ్చి నిలుచుచుందురు, తలుపు చప్పుడు మానదు. అట్లని మరీ దూరమైనను మోకాళ్ల నొప్పులవారికి కష్టము. నాలుగైదు వరుసల ఎడము చాలును.

అడ్డుగోడ వెనుక సీట్లకు కాళ్లు చాపుకొను చోటు ఉండును గాని, విమానము లేచునపుడు, దిగునపుడు సంచి కాళ్లవద్ద ఉంచుకొననీయరు. బల్ల చేతికమ్మీలోనే యుండును గనుక ఆ కమ్మీ పైకి లేవదు. పసిబిడ్డల ఉయ్యెలలు తగిలించునది అక్కడనే. అత్యవసర ద్వారము ప్రక్క సీట్లకు చోటు మరింత ఎక్కువ. అవి వృద్ధులకు ఇయ్యరు, ఇయ్యకుండుటయే న్యాయము. ఆపద వచ్చినపుడు ఆ తలుపు తీయవలసినవారు అక్కడ కూర్చున్నవారే.

కిటికీ మాటయేమందురా? పడుచువారికి, తల ఆనించి నిద్రపోగోరువారికి, పగటిపూట ప్రయాణమునకు కిటికీ మంచిదే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరునకు ఎయిరిండియా విమానము స్త్రీలే నడుపగా ఎక్కడను ఆగక ఉత్తర ధ్రువపు మార్గమున వచ్చి దిగినది. అట్టి దారిలో ఒక్కసారియైన బయటికి చూడవలెనను కోరిక ఎవరికి లేదు? చూడవలసిన వేడుక పది నిముషములది, కూర్చుండవలసినది పదిహేడు గంటలు. అరువదేండ్లు దాటినవారికి వేడుకకన్న దారి ముఖ్యమని నా అభిప్రాయము.

దీనికి రెండు ఆక్షేపణలు వినబడును. సీటునకు వేరుగా వెల అడుగుట దోపిడి కాదా యని మొదటిది. నేనును వర్తకుడనే. బియ్యమునకు ఒక వెల, సంచికి ఒక వెల, కొలిచినందులకు ఒక వెల అడిగిన నా అంగడికి ఎవరును రారు. ఆ పద్ధతి నాకును రుచింపదు. పిల్లల విషయమున మన పౌర విమానయాన శాఖవారు 2024 ఏప్రిల్‌లో, పన్నెండేండ్లలోపు బిడ్డకు తల్లిదండ్రులలో ఒకరి ప్రక్క సీటు ఇయ్యవలెనని కంపెనీలను ఆదేశించిరి. అట్లే పెద్దల కొరకును అడుగుదము, అర్జీలు వ్రాయుదము. కాని ఆ తగవు తీరువరకు మన తల్లుల మోకాళ్లను పణముగా పెట్టరాదు. వారికి కొనిపెట్టు పట్టుచీర ఒకటి తగ్గించినను సీటు వెల వచ్చును.

విమానమెక్కిన పిదప ఎవరినైన అడిగి మార్చుకొనవచ్చునుగదా యని రెండవది. అడుగుట తప్పు కాదు. ఇయ్యకున్న కోపగించుకొనుట తప్పు. వెలయిచ్చి ముందుగా కొన్నవారి చోటు, మన సోమరితనమునకు పరిహారముగా వారు విడిచిపెట్టవలెననుట ధర్మము కాదు. ముసలితనమును చూపి సీటు పుచ్చుకొనుట మన పెద్దల గౌరవమునకును తగదు. మన పని మనము ముందుగా చేసికొనవలెను.

చేయవలసినది స్వల్పము. టిక్కెట్టు తీసిన నాడే సీటు పటము చూచి నడవ ప్రక్కది పట్టవలెను. అది సాధ్యము కానిచో, ప్రయాణమునకు ఇరువది నాలుగో, నలువది యెనిమిదో గంటల ముందు చెక్-ఇన్ తెరచు వేళకే కూర్చుండి మిగిలినవానిలో మేలైనది ఎంచుకొనవలెను. విమానము మార్చినచో సీటును మారిపోవచ్చును గనుక బయలుదేరు నాడు మరల చూడవలెను. నడక కష్టమైనవారికి చక్రాల కుర్చీ ముందుగా చెప్పియుంచవలెను. శాకాహారము కావలెనన్నను అంతే. కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసికొనవచ్చునా యని వైద్యుని అడుగవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, సీటు సంఖ్యయు, "నాకు నీళ్లు కావలెను", "నేను లేవవలెను", "నాకు కాలు నొప్పిగా నున్నది" అను మాటలును ఒక అట్టమీద ప్రక్కప్రక్కన తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసి చేతికీయవలెను. అడుగనిదే అమ్మయినను పెట్టదందురు. ఇక్కడ అడుగలేనిది అమ్మయే గనుక ఆమె తరఫున మనమే అడిగిపెట్టవలెను.

ఈ పని చేయగల యువకులు మన సంఘములో నలుగురైన నున్నారు. విదేశయాత్రకు పోవు పెద్దలు ప్రయాణమునకు నెల ముందు ఆదివారమునాడు సంఘము గదికి టిక్కెట్టు తెచ్చినచో, సీటు చూచుటయు అట్ట వ్రాసిపెట్టుటయు మనమే చేయుదమని వచ్చు సభలో ప్రతిపాదింపనున్నాను. సభ్యులు ఆలోచింపవలెను.

మా అక్కగారు వచ్చు సంక్రాంతి తరువాత మరల బయలుదేరుచున్నారు. ఈమారు డి సీటు. రుసుము చెల్లించితిని. రసీదు ఆమెకు చూపలేదు, చూపిన వద్దనును.