సైకిల్ దిగాక దండం ఎవరికి పెట్టాలి?



ఈ చైత్రంలో అరకు నుంచి శృంగవరపుకోట దాకా తొమ్మిదిమందిమి సైకిళ్ల మీద వచ్చాం. గేర్ల సైకిళ్లు కావు. ఒకటైతే మాలో ఒకమ్మాయికి తొమ్మిదో తరగతిలో బడికొస్తా పథకం కింద వచ్చినదే. ట్రిప్పు సంగతి కన్నా, ట్రిప్పు అయ్యాక మాలో మాకు వచ్చిన గొడవ గురించి రాయాలనిపించింది. అది మా తొమ్మిదిమందిదే కాదు, మనందరిదీ.

సుంకరమెట్ట దాటి గాలికొండ దాకా తొక్కుడే తొక్కుడు. ఆ తర్వాత ఘాట్‌లో దిగుడు. అనంతగిరి దాటాక ఒక మలుపులో మావాడి సైకిల్‌కి వెనక బ్రేకు రబ్బరు ఊడిపోయింది. చెప్పుకాళ్లు రోడ్డుకి రాసి, గట్టుకి గుద్ది ఎలాగో ఆపాడు. అవతల లోయ. కాఫీ తోటలో పనికెళ్తున్న ఒక పెద్దాయన చూసి పరుగున వచ్చాడు. పాత ట్యూబు ముక్క కోసి, మడిచి, తీగతో బ్రేకుకి కట్టాడు. వాళ్ల ఇంట్లో చోడంబలి పోశారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

కాశీపట్నం, బొడ్డవర దాటి సాయంత్రానికి కోట చేరాం. టీ కొట్టు దగ్గర సైకిళ్లు ఆపగానే ఒకమ్మాయి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఒకడు పుణ్యగిరి వైపు తిరిగి శివుడికి దండం పెట్టాడు. ఇంకొకడు, "దేవుడేటి, గీవుడేటి? ట్యూబు ముక్క కాపాడింది" అన్నాడు. అంతే, మొదలైంది. చర్చికెళ్లేవాళ్లు ఆదివాసులు కారని ఒకరు, గుడికెళ్లేవాళ్లు మాత్రం అవుతారా అని ఇంకొకరు. రెండు రోజులు ఒకే సీసా నీళ్లు తాగినవాళ్లం, టీ గ్లాసులు పట్టుకుని విడివిడిగా నిలబడ్డాం.

ఆ రాత్రి ఆలోచిస్తే పొద్దున జరిగినది గుర్తొచ్చింది. ఇటుకల పండుగ రోజులు కదా, ఒక ఊరి దగ్గర ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి ఆపారు. "ఏటి బాబూ, ఊరికే ఎళ్లిపోతారా?" అని నవ్వారు. మా దగ్గరున్న చిల్లరంతా ఇచ్చాం, కర్ర లేచింది. మీదే మతమని వాళ్లు అడగలేదు. ఈ దారిన పోతున్నారు కాబట్టి ఇవ్వండి అన్నారు, అంతే.

మన పెద్దల నమ్మకం అలాంటిదే అని మా అభిప్రాయం. మామిడికొత్త, కొర్రకొత్త, కందికొత్త... ఏది పండినా ముందు పెట్టాకే తింటాం. మనవాళ్లకి మనం థ్యాంక్స్ అని చెప్పం, చెబితే పరాయివాళ్లలా ఉంటుంది. మన దగ్గర కృతజ్ఞత మాట కాదు, పెట్టడం. ప్రార్థన చేసినా, దండం పెట్టినా, రెండూ చేయకపోయినా ఎవరి మనసు వాళ్లది. కానీ ట్యూబు ముక్క కట్టినాయనకి మనం ఏం పెట్టాం? ఆ ప్రశ్న మా తొమ్మిదిమందికీ ఒకటే.

ఇంకా పెద్ద లెక్క కూడా ఉంది. గోస్తనీ మన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చి, తాటిపూడి రిజర్వాయర్ నింపుతుంది. ఆ నీళ్లు విశాఖపట్నం తాగుతుంది. కోట స్టేషన్ మీదుగా పోయే కొత్తవలస - కిరండూల్ లైను 1960ల్లో మన కొండలు తొలిచి వేసిందే. బైలడిల్లా ఇనుప ఖనిజం ఆ దారినే ఓడరేవుకి దిగింది. కొండ దగ్గర తీసుకున్నవాళ్లు చాలామందే. తిరిగి కొండకి పెట్టింది ఎంత?

మేం టీ తాగిన చోటికి పైనే, ఇదే ఎస్.కోట మండలంలో దారపర్తి లాంటి కొండమీద ఊళ్లున్నాయి. అక్కడి గర్భిణులను, జబ్బుపడ్డవాళ్లను డోలీలో మోసుకొచ్చిన వార్తలు మనం ఎన్నిసార్లు చదివాం! ఉండేది కొండమీదే, ఉండేది ఆదివాసులే, కానీ ఆ ఊళ్లు ఐదో షెడ్యూల్‌లో లేవు. అందుకే 1/70 చట్టం వాళ్ల భూమికి అడ్డు నిలబడదు. మేం సరదాకి దిగాం, బతిమాలుకుంటూ దిగేవాళ్లు వాళ్లు. మలుపులో బతికి బయటపడ్డామని సంతోషపడే హక్కు మనకుంది. డోలీ మోసే భుజాలను మరిచిపోయే హక్కు లేదు.

"స్టూడెంట్లం, మేమేం చేయగలం?" అని కొందరు అంటారు. రోడ్డు వేయలేం, నిజమే. కానీ చదువు మనకొచ్చింది. కుల ధ్రువీకరణ పత్రానికి, స్కాలర్‌షిప్‌కి, ఆధార్‌లో తప్పు దిద్దడానికి కొండ దిగి మూడుసార్లు తిరిగే మనిషికి ఒక్కరోజు పక్కన కూర్చుని అర్జీ రాసిపెట్టగలం. ఐదో షెడ్యూల్‌లో చేర్చాలనే డిమాండ్ ఏమిటో ఊరి భాషలో చెప్పగలం. అడిగే గొంతులో మన గొంతూ కలపగలం.

మేం ఒకటి అనుకున్నాం. వచ్చే సెలవుల్లో సైకిళ్లు కోటలో పెట్టి, నడిచి పైకి ఎక్కుతాం, పెన్నులూ అర్జీ కాగితాలూ పట్టుకుని. దానికి ముందు అనంతగిరి వెళ్లి, పెద్దాయన ఇంట్లో ఒకపూట పని చేసి వస్తాం. ప్రార్థన చేసిన అమ్మాయి వస్తానంది. పుణ్యగిరికి మొక్కినవాడూ వస్తానన్నాడు. ట్యూబు ముక్క అన్నవాడు అందరికంటే ముందే పేరిచ్చాడు.

మీరూ రండి. ఏ దేవుణ్ని మొక్కుతారో అడగం. ఖాళీ చేతులతో మాత్రం రావద్దు.

జై ఆదివాసీ.