స్వదేశీ రథం – విదేశీ చక్రం

మధ్యతరగతి కుటుంబంలో కారు కొనాలన్న ప్రస్తావన వచ్చిన నాడు ఇల్లు ఒక చిన్న శాసనసభగా మారుతుంది. తండ్రి దేశీయ సంస్థ పేరు చెబుతాడు. దేశపు సొమ్ము దేశంలోనే ఉండాలన్నది ఆయన వాదం. కుమారుడు జపాను పేరో, కొరియా పేరో, జర్మనీ పేరో చెబుతాడు. దారి మధ్యలో ఆగిపోని బండి కావాలన్నది అతని వాదం. తల్లి మాత్రం, చెడిపోతే బాగుచేసేవాడు ఊళ్ళో ఉన్నాడా అని అడుగుతుంది. ఐదేళ్ళో ఏడేళ్ళో వాయిదాలు కట్టవలసిన కుటుంబానికి ఈ మూడింటిలో విలువైన ప్రశ్న తల్లి వేసినదే. చర్చలో దానికే తక్కువ ఆదరణ లభించడం విచిత్రం.

వాహనం విషయంలో స్వదేశీ, విదేశీ అన్న మీమాంస కొత్తది కాదు. గుర్రమే యుద్ధవాహనమైన కాలంలో దక్షిణాపథ రాజ్యాలకు మేలుజాతి అశ్వాలు అరేబియా, పారశీక దేశాల నుంచి ఓడల మీద వచ్చేవి. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లోని రాజనీతి ఘట్టంలో రేవులను చక్కదిద్దాలనీ, ఏనుగులనూ గుర్రాలనూ తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించాలనీ, అవి శత్రువుల చేతికి పోకుండా చూడాలనీ సూచించాడు. పరదేశపు వస్తువు గనుక త్యాజ్యమని గానీ, పరదేశపుది గనుకనే పూజ్యమని గానీ ఆ రాజు భావించలేదు.

అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందు పాండ్య దేశాన్ని సందర్శించిన మార్కోపోలో మరొక సంగతి రాశాడు. అక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలను కొంటున్నా వాటిలో అధికభాగం ఏడాది తిరిగేసరికి మరణించేవట. వాటిని సాకే విద్య తెలిసినవారు ఆ దేశంలో లేరు; గుర్రాలనమ్మే వర్తకులు అట్టివారిని అక్కడికి రానిచ్చేవారూ కారట. గుర్రాలు చచ్చిన కొద్దీ బేరం సాగుతుంది కదా! ఆ వర్ణనలో యాత్రికుని అతిశయోక్తి కొంత ఉంటే ఉండవచ్చు. కాని అందులోని ఆర్థికసూత్రం ఎంతో నిశితమైనది. పాండ్యుల ధనం ఏటేటా సముద్రం దాటిపోవడానికి కారణం గుర్రాన్ని కొనడం కాదు, అశ్వవిద్య చేతికి రాకపోవడం.

స్వాతంత్ర్యానంతరం భారతదేశం దీనికి విరుద్ధమైన మార్గాన్ని ఎంచుకున్నది. విదేశీ కార్ల దిగుమతిని దాదాపు మూసివేసి, ఇద్దరు ముగ్గురు దేశీయ ఉత్పత్తిదారులకు విపణిని అప్పగించింది. పశ్చిమబెంగాలులోని ఉత్తర్‌పారా కర్మాగారం నుంచి అంబాసిడర్, బొంబాయి నుంచి ఫియట్ – తరువాతి పేరు ప్రీమియర్ పద్మిని – వచ్చాయి. ఈ రెండూ స్వదేశీ ప్రతీకలుగా పేరు పొందాయి. నిజానికి అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా. పద్మిని ఇటలీ ఫియట్‌కు ప్రతిరూపం. ప్రభుత్వ వాహనాల వరుసలో నిలిచి, ఎర్రదీపం ధరించి, అంబాసిడర్ తన జన్మస్థలాన్ని మరపింపజేసింది.

దాని సుగుణాలను కాదనలేము. ఎంతటి గతుకుల బాటనైనా ఓర్చుకొనేది. ఏ పల్లెలోని మెకానిక్కయినా సుత్తీ స్పానరూ పట్టి దానిని నడిపించగలిగేవాడు. (వెనుక సీటు విశాలతను తలచుకొని పెద్దలు ఈనాటికీ నిట్టూరుస్తారు, ఆ నిట్టూర్పులో అసత్యం లేదు.) అయితే కొనేవాడు ఏళ్ళ తరబడి వరుసలో వేచి ఉన్నప్పుడు, అమ్మేవాడు వస్తువును మెరుగుపరచవలసిన అవసరం ఏముంటుంది? 1950ల చివర పుట్టిన బండి ముఖం కొంత, ఇంజను కొంత మార్చుకొని, దేహం మాత్రం అదే దేహంగా 2014 వరకు తయారయింది. విద్య లేనందువల్ల పాండ్యులు నష్టపోయారు. ఇక్కడ విద్య వచ్చింది గాని, పరీక్ష పెట్టేవాడు లేకపోయాడు.

పరీక్ష 1983 డిసెంబరులో వచ్చింది. భారత ప్రభుత్వం, జపానుకు చెందిన సుజుకి సంస్థ కలిసి నెలకొల్పిన మారుతి ఉద్యోగ్ తన మొదటి కారును విడుదల చేసింది. అప్పటి ఒప్పందంలో సుజుకి వాటా 26 శాతం మాత్రమే. తొలినాళ్ళలో విడిభాగాలు అధికంగా జపాను నుంచే వచ్చాయి. క్రమక్రమంగా వాటిని ఇక్కడనే తయారు చేయాలన్న నిబంధన వల్ల దేశంలోని చిన్న, పెద్ద సంస్థలు కొలతలో వెంట్రుకవాసి తేడాను కూడా సహించని క్రమశిక్షణను నేర్చుకోవలసి వచ్చింది. అధికారికీ కార్మికునికీ ఒకే దుస్తులు, ఒకే భోజనశాల అన్న ఆచారం కూడా కారుతో పాటే వచ్చింది. 2002లో సుజుకి సగానికి మించిన వాటా పొందింది. 2007 నాటికి ప్రభుత్వం పూర్తిగా తప్పుకొన్నది. నేడు మారుతి కారు కొనేవాడు స్వదేశీ వస్తువు కొంటున్నాడా, విదేశీ వస్తువు కొంటున్నాడా? లాభంలో పెద్దపాలు జపానుకు చెందుతుంది. జీతాలు, విడిభాగాల తయారీ, పన్నులు ఎక్కువగా ఇక్కడివే. తండ్రి వాదమూ కుమారుని వాదమూ ఒకే బండిలో కూర్చున్నాయన్నమాట.

నమ్మకమన్నది ఒక దేశపు రక్తంలో పుట్టే గుణమని భావించేవారికి అమెరికాలోని ఫ్రీమాంట్ కర్మాగారం తగిన సమాధానం. నాసిరకం పనికీ, కార్మికుల గైరుహాజరుకూ పేరుమోసిన ఆ కర్మాగారాన్ని జనరల్ మోటార్స్ 1982లో మూసివేసింది. 1984లో టొయోటాతో కలిసి దానిని తిరిగి తెరిచినప్పుడు పనిలోకి తీసుకున్నది అధికభాగం పాత కార్మికులనే. లోపం కనిపిస్తే ఒక తాడు లాగి ఉత్పత్తినంతటినీ నిలిపివేసే అధికారం సామాన్య కార్మికునికి లభించింది. అనతికాలంలోనే అక్కడి కార్లు జపాను కార్లతో పోల్చదగిన నాణ్యతను సాధించాయి. అవే చేతులు, అదే దేశం, మారినది పద్ధతి. ఆ జపాను నాణ్యతా విద్యకు 1950లో ఉపన్యాసాలతో దోహదం చేసినవాడు డెమింగ్ అనే అమెరికన్. ఆయన పేరిట జపాను నెలకొల్పిన బహుమానాన్ని 1998లో తమిళనాడులోని సుందరం క్లేటన్ సంస్థ గెలుచుకున్నది. విద్యకు సరిహద్దులు లేవని ఉపన్యాసాలలో చెప్పే మాట ఇక్కడ బ్రేకుల తయారీలో రుజువయింది.

అదే 1998లో టాటా సంస్థ ఇండికాను తెచ్చింది. దేశీయంగా రూపొందిన కారు అన్న గర్వంతో జనం ఎగబడి కొన్నారు. (దాని రూపకల్పనలో ఇటలీ నిపుణుల చేయి ఉన్నదన్న సంగతి ఆ ఉత్సాహంలో ఎవరికీ పట్టలేదు.) కొద్దికాలానికే ఫిర్యాదులు వచ్చాయి. దేశభక్తితో కొన్నవారు దేశభక్తితోనే ఊరకుండి ఉంటే ఇండికా అక్కడనే ఆగిపోయేది. వారు ఊరకుండలేదు. సంస్థ లోపాలను సవరించి 2001లో రెండవ రూపాన్ని తెచ్చింది, అది విజయవంతమయింది. స్వదేశీ సంస్థకు కొనుగోలుదారు చేయగల మేలు క్షమించడం కాదు, నిలదీయడం.

విదేశీ నామం మీది మోజు కూడా అంతే ప్రమాదకరం. 2014 ఆరంభంలో వెలువడిన గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టు పరీక్షలలో భారతదేశంలో అమ్ముతున్న అయిదు చిన్న కార్లకు ఒక్క నక్షత్రం కూడా రాలేదు. వాటిలో టాటా నానో ఉంది. సుజుకి, హ్యుందాయ్, ఫోర్డ్, ఫోక్స్‌వాగన్ బండ్లూ ఉన్నాయి. గాలిసంచులు అమర్చిన పోలో కారుకు అదే పరీక్షలో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. అంటే ఆ సంస్థకు విద్య లేక కాదు, అడిగేవాడు లేక. నలోపాఖ్యానంలో బాహుకుడు ఏరుకొన్న బక్క గుర్రాలను చూసి ఋతుపర్ణుడు శంకించినట్లే, ఇక్కడ కొనేవాడు కూడా వెలుపలి మెరుగునే చూశాడు. 2018లో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు సాధించిన తరువాత గాని దుకాణంలో భద్రత గురించి అడగడం అలవాటు కాలేదు.

తల్లి వేసిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. జనరల్ మోటార్స్ 2017లో భారతదేశంలో అమ్మకాలు నిలిపివేసింది. ఫోర్డ్ ఇక్కడి విపణికి కార్ల తయారీని ఆపివేస్తున్నట్లు 2021లో ప్రకటించింది. బండి చెడిపోకుండానే, దాని పాతబండి ధర ఒక్క ప్రకటనతో పడిపోగలదు. యంత్రం ఎంత గట్టిదో చూసుకొన్నవారు, దానిని అమ్మినవాడు ఎంతకాలం ఇక్కడ నిలుస్తాడో చూసుకోలేదు.

తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ చెంత, ఎర్రమంచి వద్ద కొరియాకు చెందిన కియా కర్మాగారం 2019 నుంచి కార్లను తయారు చేస్తున్నది. ఒకప్పుడు సముద్రం దాటి వచ్చిన గుర్రాలు చేరిన సీమ నుంచి నేడు వాహనాలు సముద్రం దాటి వెళుతున్నాయి. వాటిని బిగించే చేతులలో రాయలసీమ యువకులవి అనేకం. ఆ బండి నమూనా గీసే బల్ల ముందు వారు ఎప్పుడు కూర్చుంటారన్నది, కారు కొనే ఇంటి చర్చలో ఇంకా ఎవరూ లేవనెత్తని ప్రశ్న.