సెలవు లెక్కలూ, నెలలు నిండని బిడ్డలూ

ఒక చిన్న లెక్క వేద్దాం. 27వ వారంలో కాన్పు అయిందనుకోండి. 1993 నాటి ఎఫ్‌ఎంఎల్‌ఏ చట్టం ప్రకారం అమెరికాలో ఆ తల్లికి దొరికేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. కాన్పు రోజు నుంచే వాడుకుంటే, బిడ్డ అసలు పుట్టవలసిన తేదీకి ఒక వారం ముందే సెలవు అయిపోతుంది! ఉద్యోగంలో చేరి ఏడాది నిండకపోతే అదీ లేదు. మొన్ననే కంపెనీ మారిన హెచ్‌-1 వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో జీతం కొంత వస్తుంది, అంతే.

ఆ వారాల్లో జరిగేది తక్కువ పనేమీ కాదు. 24 వారాలప్పుడు దాదాపు నున్నగా ఉండే మెదడు మీద మడతలు పడేది ఆ చివరి మూడు నెలల్లోనే. 34 వారాలకు కూడా దాని బరువు, నెలలు నిండిన బిడ్డ మెదడు బరువులో సుమారు మూడింట రెండు వంతులే. నరాల తీగలకు తొడుగు వేసే కణాలు అప్పుడే తయారవుతుంటాయి. ప్రాణవాయువు తగ్గినా, ఇన్‌ఫెక్షన్ సోకినా ముందు దెబ్బతినేవి అవే. కడుపులో జరగవలసిన ఈ పనంతా మానిటర్ల మోత మధ్య, సూదిపోట్ల మధ్య జరుగుతుంది. ఇలా పుట్టిన వాళ్ళలో చాలామంది మామూలుగానే పెరుగుతారు. కానీ ఎంత ముందు పుడితే నడకలో, మాటలో, చదువులో ఇబ్బందులు వచ్చే అవకాశం అంత ఎక్కువ.

ఇక్కడ తల్లి ఒడి కూడా వైద్యమే. కొలంబియాలోని బొగొటాలో 1978లో, ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచడం మొదలుపెట్టారు. అలా పెరిగిన పిల్లల్ని ఇరవై ఏళ్ళ తర్వాత పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు: బడి ఎగ్గొట్టడం, దుడుకుతనం తక్కువ, మెదడులో కొన్ని భాగాల పరిమాణం ఎక్కువ. మరి ఆ తల్లి ఆఫీసులో ఉంటే?

బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి, బిడ్డ ఆసుపత్రిలో ఉన్న కాలానికి తల్లికీ తండ్రికీ చెరి 12 వారాల దాకా అదనపు సెలవు ఇస్తోంది. కొలరాడో 2026లో జీతంతో అలాంటిదే మొదలుపెట్టింది. ఆ మాటకొస్తే మన దేశం 1961 చట్టంలోనే, నెలలు నిండని కాన్పు వల్ల వచ్చే అనారోగ్యానికి ఒక నెల అదనంగా రాసుకుంది.

మనవాళ్ళకు తోచే పరిష్కారం ఒకటే, అమ్మమ్మకు విజిటర్ వీసా! వీసాల మీద ఇన్ని తీర్మానాలు చేసే మనం, రాష్ట్ర చట్టసభలకు పోటీచేసే అభ్యర్థులను ఈసారి విరాళాలకు ముందే అడగాలి: బిడ్డ ఇంటికి వచ్చిన రోజు నుంచి సెలవు లెక్కపెట్టే బిల్లుకు మద్దతిస్తారా, లేదా?