కన్నడ ప్రశ్న, తెలుగు జవాబు

సర్వే ఫారం రాష్ట్ర భాషలో ఉంటే చాలు, మిగతాది ఇంటికి వెళ్ళి అడిగేవాళ్ళు చూసుకుంటారు. సామాజిక సర్వేల రంగంలో ఈ మాట అందరి నోటా వినిపిస్తుంది. దేశదేశాల డేటాను పక్కపక్కన పెట్టి పోల్చే పరిశోధకులు, ఆ డేటాను వాడటం నేర్పే సంస్థలు, డబ్బులిచ్చేవాళ్ళు అందరూ భాష సంగతిని చివర్లో సర్దుకోదగ్గ చిన్న పనిగా చూస్తున్నారు. ఈ అభిప్రాయం తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే తుమకూరు జిల్లా పావగడ తాలూకాను చూస్తే సరిపోతుంది.

పావగడ కర్ణాటకలో ఉన్నా చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర నేలే. తుమకూరు నుంచి మధుగిరి మీదుగా వచ్చే దారి కూడా కొంత దూరం ఆంధ్రలో నడిచి మళ్ళీ కర్ణాటకలోకి వస్తుంది. ఇళ్ళలో తెలుగు, బడిలోనూ తాలూకా ఆఫీసులోనూ కన్నడం. మైసూరు రాజ్యం నాటి నుంచీ ఇంతే. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడూ పావగడ ఉన్నచోటే ఉండిపోయింది. ఇన్ని తరాలుగా అక్కడ ఉన్నవాళ్ళకు కన్నడం రాదా అని అడుగుతారు.

వచ్చు. కానీ అందరికీ ఒకే మేరకు రాదు. ఎవరికి తక్కువ వచ్చో వాళ్ళనే ఈ సర్వేలు ఎక్కువగా అడుగుతాయి. ప్రపంచంలో దాదాపు తొంభై దేశాల్లో జరిగిన జనాభా, ఆరోగ్య సర్వేల వరుసలో మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒకటి. 2019–21లో జరిగిన ఐదో విడతలో 7,24,115 మంది మహిళలను, 1,01,839 మంది పురుషులను ప్రశ్నలడిగారు. ఆ మహిళలంతా 15 నుంచి 49 ఏళ్ళ లోపువాళ్ళు. పావగడ పల్లెల్లో ఆ వయసువాళ్ళలో ఆంధ్రలోని మడకశిర, కళ్యాణదుర్గం వైపు నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు ఎందరో ఉంటారు. సంబంధాలు కలుపుకునేవాళ్ళకు రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు. అలా వచ్చిన కోడలు చదివింది తెలుగు బడిలో. సంతలో బేరమాడేంత కన్నడం పట్టుబడి ఉండొచ్చు. నెలసరి గురించి, గర్భం పోవడం గురించి, మొగుడు చెయ్యి చేసుకోవడం గురించి ఆ కన్నడంలో ఎలా చెబుతుంది?

అప్పుడు ఏమవుతుంది? అడగడానికి వచ్చినామెకు తెలుగు రాకపోతే అత్తో, ఆడబిడ్డో, మొగుడో మధ్యలో నిలబడి మాట అందిస్తారు. గృహహింస ప్రశ్నలు అడగాలంటే ఏకాంతం ఉండి తీరాలని ఆ సర్వే నియమమే చెబుతోంది. ఏ మనిషి వినకూడదో ఆ మనిషే మాటలు మోసేచోట ఏకాంతం ఎక్కడిది? ప్రశ్నలు వదిలేస్తే ఆమె లెక్కలోంచి జారిపోతుంది. అడిగితే ఆమె భయపడి అబద్ధమైనా చెప్పాలి, నిజం చెప్పి ఇంట్లో దాని ఫలితమైనా అనుభవించాలి. రెండు దారుల్లోనూ నష్టపోయేది ఆమే. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అడిగేవాళ్ళు స్థానికులే కదా, తెలుగులో చెప్పుకుంటారని ఇంకొందరు అంటారు. మంచి మనసుతో చెప్పే మాటే గానీ డేటాకు దీనంత చేటు ఇంకొకటి లేదు. కన్నడ ఫారం చేతిలో పట్టుకుని ఒకామె ఆ ప్రశ్నను తనకు తోచిన తెలుగులో ఒకలా అడుగుతుంది, పక్క ఊళ్ళో ఇంకొకామె ఇంకోలా అడుగుతుంది. ఏ ఇంట్లో ఏం అడిగారో ఎక్కడా రాసి ఉండదు. అందరినీ ఒకే ప్రశ్న అడిగామన్న నమ్మకం మీదే కదా దేశాల మధ్య పోలిక నిలబడేది! ఐరోపా సామాజిక సర్వే ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. దాని నియమాల ప్రకారం ఇద్దరు విడివిడిగా అనువదించాలి, కూర్చుని సరిచూడాలి, తేడా వస్తే తేల్చాలి, జనం మీద పరీక్షించాలి, అంతా రాసిపెట్టాలి. దేశ జనాభాలో 5 శాతం మందికి తల్లిభాష అయిన ప్రతి భాషలోనూ ఫారం ఉండాలి. ఆఫ్రికాలో ఆఫ్రోబారోమీటర్ కూడా ఇలాంటి 5 శాతం గీతే గీసుకుంది.

ఆ కొలతను కర్ణాటకకు పెట్టి చూడండి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు తల్లిభాషగా చెప్పినవాళ్ళు రాష్ట్రంలో 5.84 శాతం, అంటే 35 లక్షల మందికి పైనే. ఐరోపాలో ఇంతమంది జనం లేని దేశాలున్నాయి. ఉర్దూ వాళ్ళు ఇంకా ఎక్కువ, 10.83 శాతం. ఒక్క తాలూకా వల్ల రాష్ట్ర సగటు మారదని చెప్పే గణాంక పండితులు పావగడ దగ్గరే ఆగిపోతున్నారు. కోలారు, చిక్కబళ్ళాపురం, బళ్ళారి, బెంగళూరు కలిపి చూడరు. సగటు మారకపోయినా సరే, తన మాట సరిగ్గా నమోదు కావాలని కోరే హక్కు ఆ కోడలికి ఉంది.

శిక్షణ సంగతి చూస్తే మనసు ఇంకా బరువెక్కుతుంది. డేటా ఫైలు ఎలా తెరవాలి, నమూనా బరువులు (వెయిట్లు) ఎలా వెయ్యాలి, దేశాలను ఎలా పోల్చాలి అని నేర్పే పాఠాలు ఇంగ్లీషులో పుష్కలంగా ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమానికి డబ్బు ఆపేసినప్పుడు పరిశోధకులు ఆవేదన పడ్డారు. అది న్యాయమైన ఆవేదనే. కానీ గడప దగ్గర నిలబడి అడిగే అమ్మాయికి రెండు భాషల ఊళ్ళో ఎలా అడగాలో నేర్పే తెలుగు పాఠం ఒక్కటైనా కావాలని అంత గట్టిగా అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు. వండేవాళ్ళకు నేర్పకుండా వడ్డించేవాళ్ళకే తర్ఫీదు ఇస్తున్నాం.

పావగడ ఇప్పుడు ప్రపంచం కళ్ళలో పడిన తాలూకా. తిరుమణి, వళ్ళూరు చుట్టుపక్కల ఐదు గ్రామాల్లో దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. భూమి ఉన్నవాళ్ళకు ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో కౌలు మొదలైంది. భూమి లేక ఆ చేలలో కూలికి వెళ్ళిన ఆడవాళ్ళకు కౌలు లేదు, పోయిన పని ఏ కాగితం మీదా లేదు. వాళ్ళ బతుకు ఏమైందో చెప్పగలిగేది వాళ్ళే. చెప్పేది తెలుగులోనే.

ఇది భాషా రాజకీయమని, కర్ణాటకలో తెలుగు ఫారం అంటే గొడవలవుతాయని భయపెడతారు. ఇందులో కన్నడానికి తగ్గేదేమీ లేదు. మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళకు ఆంధ్ర సర్వేవాళ్ళు కన్నడ ఫారం తీసుకెళ్ళాలని కూడా ఇదే గొంతుతో అడుగుతున్నాను. కొత్తగా రాయాల్సిన పని కూడా పెద్దగా లేదు. సరిహద్దుకు అవతల వాడే తెలుగు ఫారం ఉండనే ఉంది. ఫారం ఉండే ట్యాబ్‌లో భాష మార్చే వీలున్నా, ప్రశ్నలడగడానికి వచ్చే, కన్నడ బడిలో చదివిన పావగడ అమ్మాయి తెలుగు లిపి చదవలేదు. కాబట్టి తెలుగు ప్రశ్నలను కన్నడ లిపిలో ఎక్కించండి. హోబళి (కొన్ని ఊళ్ళ రెవెన్యూ విభాగం), పహణి (భూమి రికార్డు) లాంటి అక్కడి మాటలను అలాగే ఉంచి, పావగడ ఆడవాళ్ళకే ముందు చదివి వినిపించి సరిచేయండి. ఏ భాషలో అడిగారు, ఇంటి భాష ఏది, మధ్యలో ఎవరైనా మాట అందించారా అన్న మూడు గళ్ళు జనాభా, ఆరోగ్య సర్వేల నమూనా ఫారం మొదటి పేజీలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని నిజాయితీగా నింపడం నేర్పండి. డేటా తీసుకునే పరిశోధకులు లెక్కలు వేసే ముందు ఆ మూడు గళ్ళూ తెరిచి చూడండి.