చెవిలో పుల్లలు వద్దు

ముఖర్జీ నగర్‌లో వర్షాకాలం అంటే ఆరని బట్టలు, మెత్తబడిన నోట్సు, ఊరికూరికే తల విదిలించే కుక్కలు. సివిల్స్ కోచింగ్‌కు పేరుపడ్డ ఈ ఉత్తర ఢిల్లీ పేటలో గదులు ఇరుకు, వెలుతురు తక్కువ. అయినా పరీక్షల ఒంటరితనానికి విరుగుడుగా ఓ కుక్కపిల్లను చేరదీసేవాళ్లకు కొదవ ఉండదు. 2025 ఆగస్టు తర్వాత ఆ ముచ్చటకు చట్టం కోణం కూడా తోడైంది. ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకు తరలించాలని ఆ నెల 11న ఆదేశించిన సుప్రీంకోర్టు, 22న దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవి, దూకుడుగా ప్రవర్తించేవి తప్ప మిగిలినవాటికి ఆపరేషన్, టీకా పూర్తిచేసి పట్టినచోటే వదలమంది. దత్తత తీసుకోదలచినవారు మునిసిపల్ అధికారులకు దరఖాస్తు చేసుకోవచ్చని కూడా చెప్పింది. అయితే ఒకటే షరతు: ఇంటికి తెచ్చుకున్న కుక్క మళ్లీ వీధిన పడకూడదు.

ఆ షరతుకు గండికొట్టడానికి ఒక చెవి పోటు చాలు. నిన్నటిదాకా ఒళ్లో పడుకున్న కుక్క తల మీద చెయ్యి వేయగానే గుర్రుమంటుంది, మర్నాడు పళ్లు చూపిస్తుంది. 'కరిచే కుక్క' అన్న ముద్ర పడటానికి ఇంతకన్నా ఏం కావాలి? దాని చెవిలో ఏముందో చూసేవాళ్లు తక్కువ. చూసినవాళ్లలోనూ చాలామంది చేసే మొదటి పని ఇయర్ బడ్ అందుకోవడం. అక్కడే వ్యవహారం చెడుతుంది.

మనిషి చెవి దారి పొట్టిది, దాదాపు తిన్ననిది. కుక్క చెవి దారి ముందు బావిలా కిందికి దిగి, ఆపైన తలలోకి అడ్డంగా మలుపు తిరుగుతుంది. కర్ణభేరి ఆ మలుపు అవతల ఉంటుంది. కాబట్టి పైనుంచి పెట్టిన పుల్ల గులిమిని బయటికి తీయదు, మలుపులోకి దిగగొడుతుంది. అది అక్కడ గట్టిపడి కొత్త బాధ తెచ్చిపెడుతుంది. (మనుషుల చెవుల్లోనూ పుల్లలు పెట్టొద్దని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉంటారు. వినేదెవరు?) ఆరోగ్యంగా ఉన్న కుక్క చెవి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. లోపలి చర్మం నెమ్మదిగా బయటివైపు జరుగుతూ గులిమిని మోసుకొస్తుంది. లేత గులాబీ రంగులో, వాసన లేకుండా, కాస్త గులిమితో ఉన్న చెవి మామూలు చెవే. దాన్ని వారానికోసారి చూస్తే చాలు, ప్రతి వారం కడగనక్కర్లేదు. అతిగా కడిగితే చర్మం నాని, లేని జబ్బు మొదలవుతుంది.

కడగాల్సిన సందర్భాలు లేకపోలేదు. లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటివాటి చెవి డొప్పలు వేలాడుతూ దారిని మూసేస్తాయి. స్నానం చేయించినా, వానలో తడిసినా లోపలి చెమ్మ ఓ పట్టాన ఆరదు. అలాంటప్పుడు, లేదా గులిమి కళ్లకు కనిపించేంత పేరుకున్నప్పుడు, కుక్కల కోసమే తయారైన ఇయర్ క్లీనర్‌ను పశువైద్యుణ్ని అడిగి తెచ్చుకోవాలి. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే చల్లదనం పోతుంది. చల్లటి చుక్క చెవిలో పడితే మనమైనా ఉలిక్కిపడతాం. డొప్పను నిటారుగా పైకెత్తి, సీసా మొన చెవికి తగలకుండా దారి నిండేలా పోయాలి. చెవి మొదలును బయటినుంచి అర నిమిషం నెమ్మదిగా పిసకాలి. లోపల ద్రవం కదులుతున్న పిచపిచ శబ్దం వినిపిస్తే పని జరుగుతున్నట్టే. ఆ తర్వాత వదిలేసి ఓ అడుగు వెనక్కి జరగడం మేలు. కుక్క తల విదిలిస్తుంది, లోపలి మురికి గోడల మీదా చొక్కా మీదా పడుతుంది. అసలు శుభ్రం చేసేది ఆ విదిలింపే. మనం చేయాల్సిందల్లా దూది ఉండతోనో గాజు గుడ్డతోనో వేలు అందినంత మేర తుడవడం. రెండో చెవికి కొత్త దూది తీసుకోవాలి.

ఇదంతా నొప్పి లేని చెవికి మాత్రమే. దుర్వాసన, ఎరుపు, చీము, ముట్టుకుంటే కుయ్యిమనడం, తల ఒక పక్కకు వాల్చడం, నడకలో తూలడం, వీటిలో ఏది కనిపించినా సీసా పక్కన పెట్టేయాలి. కారణం చిన్నదేమీ కాదు. లోపల కర్ణభేరి చిరిగి ఉంటే జెంటామైసిన్, నియోమైసిన్ వంటి యాంటిబయోటిక్ చుక్కలు, క్లోర్‌హెక్సిడిన్ ద్రావణాలు లోచెవిలోకి దిగి వినికిడిని శాశ్వతంగా పోగొట్టవచ్చు. చిరిగిందో లేదో బయటినుంచి తెలియదు. ఓటోస్కోప్‌తో చూడాలి. మందుల షాపులో మనుషుల కోసం కొన్న చుక్కలు, స్టిరాయిడ్, యాంటిబయోటిక్, ఫంగస్ మందు కలగలిపిన చవక ట్యూబులు కుక్క చెవికి ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టే అర్థమవుతుంది. పైగా అవి వేసిన రెండ్రోజులకు దురద తగ్గినట్టే ఉంటుంది, అసలు జబ్బు లోపల సాగుతూనే ఉంటుంది. ఈస్ట్, బ్యాక్టీరియా, సూక్ష్మమైన చెవి పురుగులు, ఈ మూడింటికీ మందులు వేరు. కాఫీ పొడి లాంటి నల్లటి పదార్థం కనిపిస్తే పురుగులు కావచ్చు, అవి ఇంట్లోని పిల్లికి కూడా పాకుతాయి. మాటిమాటికీ తిరగబెట్టే చెవి జబ్బు వెనక చాలాసార్లు చర్మపు ఎలర్జీ ఉంటుంది. అప్పుడు ఎంత కడిగినా అది మొదటికే వస్తుంది.

తెలుగిళ్లలో చెవిపోటు అనగానే వెల్లుల్లి వేసి కాచిన నూనె గుర్తొస్తుంది. ఢిల్లీ వచ్చిన కుర్రాళ్లు అమ్మకు ఫోన్ చేసి కుక్క సంగతి చెప్పినా వచ్చే సలహా అదే. కుక్క చెవికి అది పనికిరాదు. నూనె జిడ్డు చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది, డాక్టరు చూడాల్సిన చోటును కప్పేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, వెనిగర్ పుండుపడిన చర్మాన్ని మరింత మండిస్తాయి. పిడుదుల మీద కిరోసిన్ పోయడమూ అంతే. వానల్లో చెవి మడతల్లో పిడుదులు చేరడం మామూలే. పైన ఉన్నదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగేయొచ్చు. దారి లోపల ఉన్నదాన్ని మాత్రం వదిలేయాలి.

చూపించడానికి చోటు లేక కాదు. తీస్ హజారీలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. మెట్రోలో కుక్కను ఎక్కనివ్వరు కాబట్టి ఆటో మాట్లాడుకోవాలి. నొప్పిలో ఉన్న కుక్కకు బయల్దేరే ముందే మూతికి చిక్కం తొడగడం మంచిది. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లాలి. 'మన కుక్కే కదా' అని ఆగడానికి వీల్లేదు. అప్పుడప్పుడే వీధినుంచి వచ్చినదైతే మరీను.

దత్తత కుక్కల్లో చాలావాటికి చెవి అంచున చిన్న కోత కనిపిస్తుంది. ఆపరేషన్ అయిందనడానికి గుర్తు అది. మానిపోయిన మచ్చే, దానికి మందు అక్కర్లేదు. కాకపోతే ఆ చెవిని ఎవరో గట్టిగా పట్టుకున్న రోజు కుక్కకు గుర్తుండవచ్చు. అందుకే శుభ్రం చేసే పని లేనప్పుడే చెవిని తాకి, ఓ బిస్కెట్ ముక్క పెట్టాలి. మర్నాడు డొప్ప ఎత్తి మరో ముక్క. మొదటి వారం సీసా మూత తీయకపోయినా నష్టం లేదు.